శుద్ధి చేసిన మురుగునీటితో నేపియర్ వేయొచ్చా? కుళ్లు పోతుంది గానీ ఉప్పు పోదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: పడమటి ప్రకాశంలో ఆరెకరాల ఎర్రనేల. రెండు బోర్లు ఎండిపోయాయి. పక్క పట్టణంలో ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) మొదలయ్యాక శుద్ధి చేసిన నీరు మీ పొలం పక్క వాగులోకి వదులుతున్నారు. సీబీజీ (కంప్రెస్డ్ బయోగ్యాస్) ప్లాంటుకు నేపియర్ గడ్డి కొంటారని ఊళ్లో అనుకుంటున్నారు. ఆ నీళ్లతో నేపియర్ వేయొచ్చా, లేక జామాయిల్ వేసుకుని ఊరుకోవడం మేలా అని అడిగారు.

వేయొచ్చు. గడ్డి ఏపుగా వస్తుంది, మొదటి రెండేళ్లు మీరే ఆశ్చర్యపోతారు. కానీ ఆరెకరాలూ ఒకే గడ్డి వేయకండి, నీటి పరీక్ష చేతికి రాకుండా అసలు దుక్కే దున్నకండి. ఎస్‌టీపీ మురుగులోని కుళ్లును తీసేస్తుంది. ఉప్పును తీయదు. మీ వైపు నీళ్ల తీరు తెలిసినవాణ్ని కాబట్టి మొదటి మాటే ఇది చెబుతున్నాను.

నేను భూసార పరీక్ష కేంద్రంలో చాలాకాలం పనిచేశాను. ఆ తర్వాత మున్సిపాలిటీ నీళ్లు పారే పొలాలు చూడటమే పనిగా తిరుగుతున్నాను. నా దగ్గరికి వచ్చే రైతులు ముందు అడిగేది వాసన గురించి, రోగాల గురించి. మూడో ఏడు మళ్లీ వచ్చినప్పుడు అడిగేది చౌడు గురించి. ఆ క్రమం తిరగేయాలన్నదే నా ప్రయత్నం.

ఉప్పు లెక్క

పట్టణం తాగే నీళ్లలో ఎంత ఉప్పు ఉందో అంతా మురుగులోకి వస్తుంది. వాడకంలో సబ్బు, డిటర్జెంటు, వంటింటి ఉప్పు, మనిషి విసర్జన కలిసి లీటరుకు ఇంకో 200 నుంచి 400 మిల్లీగ్రాములు జతవుతాయి. బోరు నీళ్ల మీద బతికే పట్టణమైతే మురుగునీటి ఈసీ (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 1.5 దాకా ఉండటం మామూలే. అంటే వెయ్యి లీటర్ల నీటిలో దాదాపు కిలో ఉప్పు.

ఇప్పుడు ఎకరానికి లెక్క వేద్దాం. నేపియర్‌కు ఏడాదిలో నలభై అంగుళాల నీళ్లు పెట్టారనుకోండి, అది నాలుగు వేల ఘనపు మీటర్ల పైమాట. దాంతో పాటు మీ ఎకరంలోకి దిగే ఉప్పు సుమారు నాలుగు టన్నులు. ఏటా ఒక ట్రాక్టర్ ట్రక్కు నిండా ఉప్పు తెచ్చి పొలంలో చల్లినట్టే. గడ్డి కోసినప్పుడు బయటికి పోయేది అందులో కొంచెమే. మిగతాది వాన కడిగి కిందికి దించాలి, లేకపోతే వేళ్ల దగ్గరే పేరుకుంటుంది.

మీకు ఒక మంచీ ఒక చెడూ ఉన్నాయి. మంచి ఏమిటంటే నేల ఎర్రది, నీరు ఇంకుతుంది, అక్టోబరు నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనం బాగా కురిసిన ఏడు కొంత ఉప్పు తనంతట తనే కిందికి దిగిపోతుంది. చెడు చాలామందికి తట్టదు. మీ వైపు ఫ్లోరైడ్ నీళ్లు. ఫ్లోరైడ్ ఎక్కువున్న భూగర్భ జలంలో మామూలుగా కాల్షియం తక్కువ, సోడియం బైకార్బొనేట్ ఎక్కువ. ఈ రెండూ వేరు వేరు సంగతులు కావు. కాల్షియం ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టి కింద కూర్చోబెడుతుంది, లేదు కాబట్టే ఫ్లోరైడ్ నీళ్లలో తేలింది. అదే నీరు పట్టణం వాడుకుని మురుగుగా వదిలితే దాన్లో సోడియం ఇంకా పెరుగుతుంది. అలాంటి నీరు ఏళ్ల తరబడి పారిస్తే వచ్చేది పైన తెల్లగా పొర కట్టే పాల చౌడు కాదు, నేల నల్లబడి, తడిస్తే జారుతూ, ఆరితే రాయి అయిపోయే కారు చౌడు. పాల చౌడును మంచినీళ్లతో కడగొచ్చు. కారు చౌడుకు జిప్సం కావాలి, ఓపిక కావాలి.

ఇంకొకటి కూడా చూడండి. ఫ్లోరైడ్ ఊళ్లలో వీధికో ఆర్వో ప్లాంటు ఉంటుంది. క్యాన్లలోకి పోయేది మంచి నీరు. అక్కడ వదిలేసిన రిజెక్ట్ నీరు, అసలు కంటే రెండింతలో మూడింతలో చిక్కటిది, మురుగు కాలువలోకే పోతుంది. ఒక పట్టణంలో ఔట్‌లెట్ నీరు పొద్దున ఒక ఈసీ, సాయంత్రం ఇంకో ఈసీ చూపిస్తుంటే మీటరు పాడైందనుకున్నాను. తర్వాత కాలువ వెంట నడుచుకుంటూ పోతే కారణం దొరికింది.

ఏ పరీక్ష అడగాలి

ల్యాబుకు వెళ్లి "నీళ్లు బాగున్నాయా" అంటే పీహెచ్, ఈసీ రాసి ఇచ్చేస్తారు. అది చాలదు. ఈసీ, సోడియం నిష్పత్తి (ఎస్‌ఏఆర్), ఆర్‌ఎస్‌సీ (కాల్షియం, మెగ్నీషియం పోను మిగిలే కార్బొనేట్, బైకార్బొనేట్ లెక్క), బోరాన్, ఈ నాలుగూ అడగండి. లీటరు సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, గాలి లేకుండా మూతదాకా నింపి, అదే రోజు ఇచ్చేయండి. ఎండాకాలంలో ఒకసారి, వానలప్పుడు ఒకసారి, ఒకే రోజున పొద్దున సాయంత్రం వేర్వేరుగా ఒకసారి తీయండి.

ఈసీ 0.7 లోపుంటే బెంగ లేదు. 0.7 నుంచి 3 వరకు జాగ్రత్తతో వాడుకోవచ్చు. 3 దాటితే వదిలేయండి. ఆర్‌ఎస్‌సీ 1.25 లోపు మంచిది, 2.5 దాటితే జిప్సం లేకుండా పెట్టకూడదు. లెక్క సులువు: వెయ్యి ఘనపు మీటర్ల నీటిలో ఆర్‌ఎస్‌సీ ఒక అంకె దించాలంటే 86 కిలోల స్వచ్ఛమైన జిప్సం కావాలి. మీ నీటిది 4 వచ్చిందనుకుందాం. దాన్ని 2కి దించాలంటే ఎకరానికి ఏటా ఏడు వందల కిలోలు. ఆ ఖర్చు గడ్డి ధరలో నుంచి తీసేసి చూడండి, మిగిలేదే మీ ఆదాయం.

పట్టణంలో రంగుల అద్దకం, తోళ్ల పని, బ్యాటరీలు కరిగించే షెడ్లు ఏవైనా అదే కాలువలో కలుస్తుంటే భారలోహాల పరీక్ష కూడా చేయించాలి. ఇళ్ల మురుగు మాత్రమే అయితే వాటి గురించి అంత భయపడక్కర్లేదు.

మరి మేలు ఏమిటి?

నత్రజని. పాత పద్ధతి చెరువుల్లో, అదే ఆక్సిడేషన్ పాండ్లలో, శుద్ధయిన నీటిలో లీటరుకు 25 మిల్లీగ్రాముల నత్రజని ఉంటే నలభై అంగుళాల నీళ్లతో ఎకరానికి వంద కిలోలు ఉచితంగా వస్తుంది. యూరియా బస్తాల్లో చెప్పాలంటే 45 కిలోలవి దాదాపు అయిదు. అయితే కొత్తగా కట్టే ఎస్‌బీఆర్ (ఒకే తొట్టిలో విడతలుగా శుద్ధి చేసే రకం) ప్లాంట్లు నత్రజనిని కూడా తీసేస్తాయి, 10 దగ్గరికి దించుతాయి. అప్పుడు మీకు మిగిలేది నలభై కిలోలే. పక్క జిల్లాలో ఎవరికో ఎరువు అక్కర్లేకుండా పండిందని విని మీరూ మానేస్తే మూడో కోతకు గడ్డి పసుపు తిరుగుతుంది. మీది ఏ రకం ప్లాంటో కనుక్కోండి.

ఈ నీళ్లకు నేపియర్ సరిపోయేది కూడా ఈ నత్రజని వల్లే. మొదటి కోత 75, 80 రోజులకు, ఆ తర్వాత 45, 50 రోజులకోసారి. ఎకరానికి ఏడాదిలో 80 టన్నుల పచ్చిగడ్డి తీశారనుకుంటే దాన్లో ఎండు బరువు పదహారు టన్నులు, దాంతో పోయే నత్రజని రెండు వందల కిలోలకు దగ్గర. అంటే నీళ్లతో వచ్చినదంతా తినేస్తుంది, కిందికి దిగి బావుల్లో నైట్రేట్‌గా చేరనివ్వదు. వరికో కూరగాయలకో ఇదే నీరు పెడితే నత్రజని మిగిలిపోతుంది.

కానీ పొటాష్ సంగతి తలకిందులు. అదే పదహారు టన్నుల ఎండుగడ్డి మూడు వందల కిలోల దాకా పొటాష్ మూలకాన్ని పొలం దాటిస్తుంది. మురుగునీటితో వచ్చేది అందులో నాలుగో వంతు కూడా ఉండదు. రెండేళ్లు ఎరువు వేయకుండా కోసుకున్నవాళ్ల పొలాల్లో నేను చూసింది ఇదే: గడ్డి పచ్చగా పొడుగ్గా ఉంటుంది, గాలికి పడిపోతుంది, దుబ్బు సన్నబడుతుంది. అందుకే ప్లాంటు వాళ్లతో ఒప్పందం రాసుకునేటప్పుడు గ్యాస్ తీశాక మిగిలే స్లర్రీ ఎరువు మీ పొలానికి తిరిగి రావాలని రాయించుకోండి. గ్యాసులోకి పోయేది కర్బనం, హైడ్రోజన్. పొటాష్ స్లర్రీలోనే ఉంటుంది. మీ పొలం సొత్తది.

ఎన్ని ఎకరాలకు సరిపోతాయి

మున్సిపాలిటీ వాళ్లు ఎంఎల్‌డీల్లో చెబుతారు. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు. మే నెలలో నేపియర్ రోజుకు ఏడు మిల్లీమీటర్లు తాగుతుంది, ఎకరానికి 28 వేల లీటర్లు. దారి నష్టాలు పోను ఒక ఎంఎల్‌డీ పాతిక ఎకరాలకు సరి. డిసెంబరులో అదే నీరు నలభై అయిదు ఎకరాలకు చాలుతుంది. వాన పడిన వారం ఒక్క ఎకరానికీ అక్కర్లేదు. మురుగు మాత్రం ఏడాది పొడవునా ఆగకుండా వస్తూనే ఉంటుంది. చాలా పథకాలు కాగితం మీద బాగుండి పొలంలో తప్పిపోయేది ఇక్కడే. సగటు తీసి ఎకరాలు నిర్ణయిస్తారు, ఎండాకాలం గడ్డి ఎండుతుంది, చలికాలం నీరు మళ్లీ వాగులోకే పోతుంది.

అందుకే నేను చెప్పేది గడ్డి విస్తీర్ణం మే నెల నీటిని బట్టి పెట్టుకోమని, మిగులు చెట్లకు మళ్లించమని. హర్యానాలోని కర్నాల్ లవణ నేలల పరిశోధన సంస్థ వాళ్లు ఎప్పుడో తేల్చిన పద్ధతి ఉంది. మీటరు వెడల్పు, అర మీటరు ఎత్తు గట్లు పోసి, గట్టు మీద జామాయిల్, సుబాబుల్ లాంటి చెట్లు, మధ్య కాలువల్లో మురుగునీరు. హెక్టారుకు రోజుకు మూడు లక్షల నుంచి పది లక్షల లీటర్ల దాకా ఇముడ్చుకుంటుందని వాళ్ల లెక్క. చెట్టు గట్టు మీద ఉంటుంది కాబట్టి మొదలు కుళ్లదు. మరీ పది లక్షలు మీ పొలంలో పోయమనను, అది పారవేసే పద్ధతి, పండించే పద్ధతి కాదు.

మీ ఆరెకరాలకు నా అంచనా ఇలా ఉంటుంది: మూడున్నర, నాలుగు ఎకరాలు నేపియర్, ఎకరంన్నర, రెండెకరాలు జామాయిల్ గానీ సుబాబుల్ గానీ, పాతిక సెంట్లలో ఆరడుగుల లోతు కుంట. ఎర్రనేల కాబట్టి కుంటకు అడుగున షీటు వేయాల్సిందే. మే నెల వాడకంలో కూడా ఆ కుంటలో నీరు పది రోజులు నిలుస్తుంది. నిలవడమే ముఖ్యం, ఎందుకో కింద చెబుతాను. దోమలకు గంబూసియా చేపలు వదలండి.

జామాయిల్, సుబాబుల్ ప్రకాశం రైతులకు నేను చెప్పేదేముంది, కాగితం మిల్లుల పుణ్యమా అని ధర లేచిందీ చూశారు, పడిందీ చూశారు. ధర పడితే చెట్టును ఇంకో ఏడాది నిలబెట్టొచ్చు. నీరు ఆగినా చెట్టు ఓర్చుకుంటుంది. నేపియర్‌కు ఆ ఓపిక లేదు. కోత దాటితే కాడ ముదిరి చెక్కవుతుంది, ప్లాంటులో గ్యాసు తగ్గుతుంది, కొనేవాడు ధర కోస్తాడు.

మిగతా పంటలు, ఎవరైనా చెబితే

అడవి ఆముదం (జట్రోఫా) వేయొద్దు. 2003 ప్రాంతంలో బీడు భూముల్లో నీళ్లు లేకుండా బయోడీజిల్ పండుతుందని చెప్పి ఎన్ని మొక్కలు పంచారో నాకు గుర్తుంది. మొక్క బతికింది, కాయ కాయలేదు. ఈజిప్టులో లక్సర్ దగ్గర ఎడారిలో పట్టణపు మురుగునీటినే పారించి పెంచారు. నీరు అందాక మొక్క బాగానే కాసింది. అక్కడ ఇసుక తప్ప ఇంకేమీ లేదు. మీకు నీరే ఉంటే అంతకంటే మంచి పంటలు ఉన్నాయి.

తీపి జొన్న ఉప్పుకు గట్టిది. నేలలో ఈసీ 6.8 దాకా జొన్న దిగుబడి తగ్గదు. మొక్కజొన్న, చెరకు 1.7 దగ్గరే తగ్గడం మొదలు. హైదరాబాదు జొన్న పరిశోధన కేంద్రం 2005లో విడుదల చేసిన సీఎస్‌హెచ్ 22 ఎస్‌ఎస్ మంచి హైబ్రిడ్. చిక్కు ఏమిటంటే కోసిన కాడను ఒకటి రెండు రోజుల్లో ఆడించాలి, లేకపోతే చక్కెర పులిసిపోతుంది. సంగారెడ్డి వైపు ఇథనాల్ కోసం దీన్ని పెద్ద ఎత్తున పెట్టినప్పుడు కూడా మిల్లుకు దూరమైన ఊళ్లకు ఇదే తలనొప్పి. దగ్గర్లో ఆడించే మిల్లు లేకుండా వేయకండి. ఉన్నవాళ్లకు మాత్రం ఉప్పు నీళ్లకు ఇంతకంటే మంచి పంట నాకు తెలియదు.

కానుగ గట్టు మీద వేసుకోండి. నీడకు, నూనెకు రెండింటికీ పనికొస్తుంది. కాపుకు వచ్చేసరికి మీ పిల్లలు పెళ్లీడుకొస్తారు.

రోగాలు, పనివాళ్లు

ఇంధన పంట ఎవరూ తినరు కదా, ఏ నీరైనా ఫర్వాలేదు అనుకోకండి. గడ్డి కోసేది మనుషులే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం నీటిలో నులిపురుగుల గుడ్లు లీటరుకు ఒకటి మించకూడదు. క్లోరిన్ వేస్తే బాక్టీరియా చస్తుంది గానీ ఈ గుడ్లు చావవు. అవి బరువైనవి, నీరు కదలకుండా ఎనిమిది పది రోజులు నిలిస్తే అడుక్కి చేరతాయి. ఇందాక చెప్పిన కుంట అందుకే. పంపు ఫుట్‌వాల్వు అడుగుకు మూడడుగులు పైన ఉంచండి. కోతకు వారం ముందు నీరు ఆపండి. మడిలో దిగేవాళ్లకు బూట్లు కొనివ్వండి, వేసుకునేదాకా వెంటపడండి. స్ప్రింక్లర్ జోలికి పోవద్దు.

డ్రిప్పు పెట్టొచ్చు, కానీ మామూలు బోరు నీళ్ల డ్రిప్పులా కాదు. జిగురు పట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. ముందు ఇసుక ఫిల్టరు, తర్వాత డిస్క్ ఫిల్టరు, వారానికోసారి లేటరల్ చివరలు విప్పి కడగడం, నెలకోసారి క్లోరిన్. ఇవి చేయలేనంటే బోదెలు కాలువలే మేలు. నేను చూసిన డ్రిప్పుల్లో సగం రెండో ఏడు చుట్టలు చుట్టి గట్టు మీద పడి ఉన్నాయి.

ఇంకొకటి, గట్టిగా చెప్పాలి. నేపియర్ అంటే పాడి పశువుల గడ్డి కూడా. ప్లాంటు వాళ్లు డబ్బులు ఆలస్యం చేసిన నెలలో పక్కింటి డెయిరీ వాళ్లొచ్చి రొక్కం చూపిస్తే అమ్మేస్తారు, నేనైనా అమ్మేస్తానేమో. హైదరాబాదు కింద మూసీ పొడుగునా పారాగడ్డి కథ ఇదే కదా, వరి పండని చోట గడ్డి వేశారు, ఆ గడ్డి తిన్న గేదెల పాలు నగరానికే వచ్చాయి. ఇళ్ల మురుగు మాత్రమే, కుంటలో నిలిపారు, లోహాల పరీక్షలో భయపడేదేమీ రాలేదు అంటే ఫర్వాలేదు. పరిశ్రమల నీరు కలిస్తే ఒక్క మోపు కూడా పశువుకు వేయకండి.

కాగితం

2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం, రిలయన్స్ 500 సీబీజీ ప్లాంట్ల ఒప్పందం రాసుకున్నాయి, 2025 ఏప్రిల్‌లో కనిగిరి దగ్గర దివాకరపల్లిలో మొదటిదానికి శంకుస్థాపన జరిగింది. మీ ఊళ్లో మాటలకు మూలం అదే అయి ఉంటుంది. కొనేవాడు ఎవరైనా, టన్ను ధర పచ్చి బరువు మీదా లేక ఎండు శాతం మీదా, కోత ఖర్చు, రవాణా ఎవరివి, ప్లాంటు ఆగిన నెల ఏమిటి, ఇవి కాగితం మీద లేకుండా కణుపు నాటకండి.

నీళ్లకు కూడా కాగితం కావాలి. వాగులో పారుతోంది కాబట్టి ఎప్పటికీ మనదే అనుకుంటాం. 2016 విద్యుత్ టారిఫ్ విధానంలో ఎస్‌టీపీకి 50 కిలోమీటర్ల లోపు థర్మల్ ప్లాంట్లు ఆ నీటినే వాడాలన్నారు. మీ దగ్గర థర్మల్ లేకపోవచ్చు, రేపు ఇంకో ఫ్యాక్టరీ రావచ్చు. నాకు తెలిసిన ఒక పట్టణం కింద పదకొండు మంది రైతులు ఎనిమిదేళ్లు గడ్డి పండించారు. ఒక వేసవిలో పైపు లైను వేసి నీరు మొత్తం మళ్లించారు. అడిగితే మీ దగ్గర ఏముంది అన్నారు. వాళ్ల దగ్గర ఏమీ లేదు.

ఇంకో పట్టణంలో ప్లాంటు ఉంది, కరెంటు బిల్లు కట్టలేక రాత్రిళ్లు ఆపేసేవారు, పచ్చి మురుగు పక్క కాలువలో నేరుగా వాగులోకి వచ్చేది. రాత్రి పూట పంపు వేసుకునే రైతుకు ఆ నీరే చేరేది. మీరు కూడా ఒక రాత్రి టార్చి పట్టుకుని ఔట్‌లెట్ దాకా వెళ్లి చూసి రండి. ముక్కే చెబుతుంది.

ప్రస్తుతానికి నీటి పరీక్షలోని ఆ నాలుగు అంకెలు, ప్లాంటు ఏ రకమో, మీ నేలలో మూడడుగుల కింద ఏముందో (మొరమా, రాయా, సుద్దా) తెలుసుకుని ఇక్కడే రాయండి. సుద్ద తగిలితే నేను పైన రాసిన ఎకరాల లెక్క మారిపోతుంది, నీరు కిందికి దిగదు కాబట్టి గడ్డిని రెండెకరాలకు తగ్గించి మిగతా అంతా గట్ల మీద చెట్లే పెట్టమంటాను.